రెండు వేళ్లు, ఐదుగురు మనుషులు: జాంగో రైన్‌హార్ట్ జీవితం

1934 డిసెంబరు 2న పారిస్‌లోని ఎకోల్ నార్మాల్ ద మ్యూజిక్ సభామందిరంలో ఐదుగురు సంగీతకారులు వేదికపైకి వచ్చారు. వారి దగ్గర ఉన్నవి మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక డబుల్ బేస్. జాజ్ కచేరీకి ప్రాణమని అందరూ భావించే డ్రమ్స్ లేవు. ట్రంపెట్ లేదు, శాక్సఫోన్ లేదు, పియానో కూడా లేదు. ప్రధాన గిటార్ పట్టుకున్న యువకుడి ఎడమ చేతిలో ఉంగరపు వేలు, చిటికెన వేలు కాలిన గాయాలతో ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయన వయసు 24 ఏళ్లు. పేరు జాంగో రైన్‌హార్ట్.

అమెరికాలో నల్లజాతి సంగీతకారుల చేతుల్లో పుట్టి పెరిగిన జాజ్‌కు ఐరోపా ఖండం అందించిన తొలి మహా వాద్యకారుడిగా సంగీత చరిత్ర ఆయనను గుర్తుంచుకుంది. అప్పటివరకు జాజ్ బృందాల్లో గిటార్‌ది ఎక్కువగా వెనుక వరుస స్థానం. దానిని ముందుకు తెచ్చి, ట్రంపెట్‌కు దీటుగా నిలబెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆయనకు స్వరలిపి తెలియదు. యవ్వనం వచ్చేదాకా తన పేరు రాసుకోవడం కూడా రాదు. అయినా ఆయన సంగీతం కాలగర్భంలో కలిసిపోలేదు. అందుకు ఆయన ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఆ ప్రతిభను ఆదుకున్న నలుగురు తోటి వాద్యకారులు, రికార్డుల మీద మక్కువతో ముందుకు వచ్చిన కొందరు అభిమానులు కూడా కారణం. అందువల్ల జాంగో జీవితకథ చెప్పడమంటే ఒక చిన్న బృందం కథ చెప్పడమే.

బండే ఇల్లు

జాంగో అసలు పేరు జాన్. 1910 జనవరి 23న బెల్జియంలోని లిబెర్షీ అనే పల్లెలో, ఊరి చివర ఆగిన గుర్రపు బండ్ల విడిదిలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు రోమా ప్రజల్లో మనూష్ శాఖకు చెందినవారు. ఊరూరా తిరుగుతూ ఆటపాటలతో, చేతిపనులతో బతుకు వెళ్లదీసే కుటుంబం వారిది. బండే వారి ఇల్లు. తండ్రి కూడా వాద్యకారుడే.

ఈ రోమా ప్రజల మూలాలు భారత ఉపఖండంలోనే ఉన్నాయి. సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి పడమటికి తరలిపోయిన సమూహాల వారసులు వారని భాషాశాస్త్రం, జన్యుశాస్త్రం రెండూ చెబుతున్నాయి. వారి భాషలో నీటిని పాని అంటారు. ముక్కు నక్ అవుతుంది. రెండును దుయ్ అనీ, మూడును త్రిన్ అనీ, పదిని దెష్ అనీ లెక్కపెడతారు. మనూష్ అన్న తెగ పేరు కూడా మన మనుషుడు, మానుషం అన్న మాటలకు దాయాదే. దానికి అర్థం మనిషి. జాంగో అన్న ముద్దుపేరుకు ఆ భాషలో మేల్కొన్నాను అనే అర్థం ఉందని చెబుతారు. సంస్కృతంలోని జాగరణం అన్న మాటతో దానికి చుట్టరికం కనిపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కుటుంబం పారిస్ నగరం అంచున స్థిరపడింది. పాత కోటగోడల అవతల, నగరానికి పనికిరాదని వదిలేసిన ఖాళీ స్థలాల్లో పేదలు, వలసజీవులు గుడారాలు, బండ్లు వేసుకుని ఉండేవారు. జాంగో అక్కడే పెరిగారు. బడికి వెళ్లింది లేదు. పన్నెండో ఏట చేతికి అందిన బాంజో-గిటార్‌ను పెద్దల వేళ్లు చూసి, విన్నది పట్టుకుని సొంతంగా నేర్చుకున్నారు. ఏడాది రెండేళ్లు తిరక్కుండానే పారిస్ శ్రామికవాడల నృత్యశాలల్లో అకార్డియన్ వాద్యకారుల పక్కన కూర్చుని వాయించి కూలి సంపాదించడం మొదలుపెట్టారు. రాత్రంతా వాయించి తెల్లవారుజామున తల్లి చేతికి డబ్బు అందించే కుర్రవాడిగా ఆయన పేరు ఆ పేటల్లో పాకింది.

1928లో తొలిసారి ఆయన వాద్యం గ్రామఫోన్ రికార్డుకెక్కింది. అకార్డియన్ కచేరీకి బాంజో సహకారం అది. ఆ రికార్డు ముద్రపై ఆయన పేరు తప్పుగా పడింది. తన పేరుకు అక్షరాలు ఏవో చెప్పడం ఆయనకే తెలియని రోజులవి. చెవికి వినిపించినట్టు ఎవరో రాశారు, అలాగే ముద్రించారు.

నిప్పు మిగిల్చిన చేయి

అదే సంవత్సరం శరత్కాలంలో అప్పటి ప్రఖ్యాత ఆంగ్ల వాద్యబృంద నాయకుడు జాక్ హిల్టన్ పారిస్‌కు వచ్చి జాంగో వాద్యం విన్నారు. తన బృందంలో చేరమని ఆహ్వానించారు. బండి బతుకు నుంచి పెద్ద వేదికలకు దారి తెరుచుకున్న క్షణమది. కానీ కొద్దిరోజుల్లోనే ఆ దారి మూసుకుపోయింది.

జాంగోకు అప్పటికే పెళ్లయింది. భార్య సెల్యులాయిడ్‌తో, కాగితంతో పూలు చేసి అమ్మేవారు. ఒక రాత్రి కచేరీ ముగించుకుని జాంగో బండిలోకి వచ్చేసరికి లోపల నిండా ఆ పూలే ఉన్నాయి. కొవ్వొత్తి మంట వాటికి అంటుకుంది. సెల్యులాయిడ్ ఎంత త్వరగా మండుతుందో పాతకాలపు సినిమా హాళ్లవారికి బాగా తెలుసు. క్షణాల్లో బండి నిప్పుల కొలిమి అయింది. ఒక దుప్పటిని ఎడమ చేత్తో అడ్డం పట్టుకుని ఆయన బయటపడ్డారని చెబుతారు. భార్యాభర్తలిద్దరూ ప్రాణాలతో మిగిలారు. కానీ జాంగో కుడి కాలు, ఎడమ చేయి తీవ్రంగా కాలిపోయాయి. కాలు తీసివేయాలని వైద్యులు సూచించినా ఆయన ఒప్పుకోలేదు.

కాలు నిలిచింది. చేయి మాత్రం మునుపటిలా కాలేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయాయి. తంత్రీవాద్యకారుడికి ఎడమ చేతి నాలుగు వేళ్లు నాలుగు కాళ్లలాంటివి. వాటిలో రెండు పోతే ఇక వాద్యం లేనట్టేనని చుట్టూ ఉన్నవారు అనుకున్నారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు.

తమ్ముడు జోసెఫ్ ఒక గిటార్ తెచ్చి అన్న మంచం పక్కన పెట్టారు. బాంజో కంటే మెత్తగా మోగే వాద్యం అది. సుమారు ఏడాదిన్నర పాటు జాంగో తన చేతికి తానే కొత్త విద్య నేర్పుకున్నారు. స్వరాల వరుసలన్నీ చూపుడు వేలు, నడిమి వేలుతోనే పలికించాలి. అందుకు వేళ్లు తంత్రులకు అడ్డంగా కాక, గిటార్ మెడ పొడవునా పైకీ కిందికీ పరుగెత్తాలి. కాలిన వేళ్లను పూర్తిగా వదిలేయలేదు. అవి చాపడానికి రావు కానీ, కొన్ని స్వరగుచ్ఛాలు పట్టుకునేటప్పుడు చివరి తంత్రులను అదిమి ఉంచడానికి పనికివచ్చాయి. బొటనవేలు మెడ మీదుగా వచ్చి మంద్రస్వరాలు నొక్కింది. ఇతర గిటార్ వాద్యకారులు తలవని తలంపుగా వాడే పాఠ్యపుస్తకపు పట్లు ఆయనకు అందలేదు. అందుకే ఆయన ఎంచుకున్న స్వరాల కూర్పులు, ఒక్కసారిగా కింది నుంచి పైకి దూకే గమనాలు, ముత్యాలు జారినట్టు వినిపించే స్వరవేగం మరెవరి వాద్యంలోనూ లేని తీరులో రూపుదిద్దుకున్నాయి.

ఆ దశలోనే ఆయన జాజ్ విన్నారు. 1931లో దక్షిణ ఫ్రాన్స్‌లోని తూలోన్ పట్టణంలో ఎమీల్ సవిత్రీ అనే చిత్రకారుడు జాంగోనూ, జోసెఫ్‌నూ తన ఇంటికి తీసుకువెళ్లి అమెరికా నుంచి వచ్చిన రికార్డులు వినిపించారు. వాటిలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్, డ్యూక్ ఎలింగ్టన్ బృందవాద్యం, జో వెనూటి వయొలిన్‌కు ఎడీ లాంగ్ గిటార్ జోడీ ఉన్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ వాద్యం విని జాంగో కంటతడి పెట్టుకున్నారని ఆయనను ఎరిగినవారు చెప్పేవారు. భాష తెలియని దేశం నుంచి వచ్చిన ఆ సంగీతంలో ఆయనకు తనలాంటి మనుషులే కనిపించి ఉండాలి.

తెర వెనుక పుట్టిన బృందం

స్టెఫాన్ గ్రాపెల్లి 1908 జనవరి 26న పారిస్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తల్లి కన్నుమూశారు. తండ్రి ఇటలీ నుంచి వచ్చిన పండితుడు, పేదవాడు. యుద్ధకాలంలో గ్రాపెల్లి అనాథశరణాలయంలో గడిపారు. పన్నెండో ఏట వయొలిన్ చేతికొచ్చింది. వీధుల్లో వాయించారు, మూగచిత్రాలు ప్రదర్శించే సినిమా హాళ్లలో తెర ముందు కూర్చుని వాయించారు, సంగీత కళాశాలలో చదువుకున్నారు. పేదరికంలో ఆయనదీ జాంగోదీ ఒకటే బాట. స్వభావాల్లో మాత్రం ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. గ్రాపెల్లి వేళకు వచ్చేవారు, చక్కగా దుస్తులు ధరించేవారు, లెక్కలు చూసుకునేవారు. జాంగోకు గడియారంతో పనిలేదు. జూదం మీదో, చేపల వేట మీదో మనసు పోయిందంటే కచేరీ ఉన్న సంగతే గుర్తుండేది కాదు.

1934లో వీరిద్దరూ పారిస్‌లోని క్లారిడ్జ్ హోటల్‌లో ఒకే వాద్యబృందంలో పనిచేస్తున్నారు. సాయంత్రం తేనీటి వేళ అతిథుల నృత్యానికి సంగీతం అందించడం వారి ఉద్యోగం. ఆ బృందానికి నాయకుడు బేస్ వాద్యకారుడు లూయీ వోలా. ఒకనాడు విరామంలో గ్రాపెల్లి తెగిన తంత్రి మార్చుకుని, శ్రుతి చూసుకుంటూ తెర వెనుక ఒక జాజ్ పల్లవి అందుకున్నారు. మూల కూర్చున్న జాంగో దానికి గిటార్ కలిపారు. ఆ రోజు నుంచి విరామం ఎప్పుడు వస్తుందా అని ఇద్దరూ ఎదురుచూడసాగారు. గిటార్ వాద్యకారుడు రోజే షపూ వారితో కలిశారు. వోలా తన బేస్‌తో వచ్చి నిలబడ్డారు.

ఐదోవారి రాక వెనుక ఒక చిన్న అలక ఉంది. గ్రాపెల్లి వయొలిన్ మీద మనోధర్మం విస్తరించేటప్పుడు ఆయన వెనుక రెండు గిటార్లు తాళం పడుతున్నాయి. జాంగో వంతు వచ్చేసరికి వెనుక మిగిలేది ఒక్క గిటారే. ఇది న్యాయం కాదని జాంగో తేల్చారు. దాంతో తమ్ముడు జోసెఫ్ మూడో గిటార్‌తో వచ్చి చేరారు. జాజ్ చరిత్రలోనే విలక్షణమైన ఆ తంత్రీవాద్య బృందం అలా పూర్తయింది.

పారిస్‌లో జాజ్ రికార్డులు సేకరించే యువకులు కొందరు 1930ల తొలినాళ్లలో హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ అనే సంఘాన్ని స్థాపించారు. విమర్శకుడు ఊగ్ పనాసియే, రికార్డుల జాబితాకర్త షార్ల్ దెలోనే వారిలో ముఖ్యులు. వారు ఈ ఐదుగురికీ సంఘం పేరు ఇచ్చి వేదిక కల్పించారు. అలా ఇది హాట్ క్లబ్ ద ఫ్రాన్స్ కింటెట్ అయింది. డిసెంబరులో తొలి కచేరీ, ఆ నెలలోనే అల్ట్రాఫోన్ సంస్థకు తొలి రికార్డులు.

డ్రమ్స్ లేని జాజ్

మృదంగం లేని కర్ణాటక సంగీత కచేరీని తెలుగు శ్రోత ఊహించుకోవడం ఎంత కష్టమో, డ్రమ్స్ లేని జాజ్‌ను నాటి శ్రోత ఊహించుకోవడం అంత కష్టం. ఆ లోటును తాళ గిటార్లు రెండూ పూడ్చాయి. కుడి చేయి తంత్రులను బలంగా మీటుతుంది, మరుక్షణమే ఎడమ చేయి వాటిని అణచివేస్తుంది. నాలుగు మాత్రల తాళంలో రెండో మాత్ర, నాలుగో మాత్ర మీద ఊపు బిగుస్తుంది. బేస్ ఒకటో మాత్రనూ మూడో మాత్రనూ నేలలా మోస్తుంది. పంపు కొట్టినట్టు సాగే ఈ పద్ధతిని ఫ్రెంచివారు లా పోంప్ అన్నారు. ఆ నేల మీద వయొలిన్, గిటార్ స్వేచ్ఛగా సంభాషించుకున్నాయి.

అయితే ఆ స్వేచ్ఛకు మూల్యం వెనుక వరుసవారు చెల్లించారు. తాళ గిటార్ వాయించేవారికి శ్రమ ఎక్కువ, పేరు తక్కువ. రికార్డుల మీద జాంగో, గ్రాపెల్లి పేర్లే పెద్దవిగా కనిపించేవి. అందువల్ల ఆ స్థానాల్లో మనుషులు మారుతూ వచ్చారు. షపూ తర్వాత బారో ఫెర్రే, యూజెన్ వీస్ వంటివారు ఆ బరువు మోశారు. తమ్ముడు జోసెఫ్ కూడా మంచి వాద్యకారుడే. కానీ జీవితకాలంలో ఎక్కువ భాగం అన్న నీడలోనే గడిచింది. పారిస్ జాజ్‌కు ప్రాణం పోసిన ఆ ఊపు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో నాటి శ్రోతల్లో చాలామందికి తెలియదు.

ఇద్దరు ప్రధాన వాద్యకారుల మధ్య కూడా ఘర్షణలు తప్పలేదు. జాంగో రాక కోసం ఎదురుచూస్తూ నిలబడటం గ్రాపెల్లికి అలవాటైపోయింది. అయినా అక్షరాలు దిద్దించి జాంగోకు సంతకం చేయడం నేర్పింది ఆయనే. ఒప్పందపత్రాల మీద నిశానీకి బదులు పేరు కనిపించసాగింది. వాద్యం విషయానికి వస్తే ఒకరు మొదలుపెట్టిన వాక్యాన్ని మరొకరు పూర్తిచేసేంత సఖ్యం ఉండేది. 1937లో ఇద్దరూ కలిసి కూర్చిన మైనర్ స్వింగ్ నేటికీ గిటార్ నేర్చుకునేవారికి తొలి పాఠాల్లో ఒకటి.

ఆ రోజుల్లో పారిస్‌కు వచ్చిన అమెరికన్ జాజ్ దిగ్గజాలు జాంగోతో కలిసి రికార్డు చేయడం గౌరవంగా భావించారు. కోల్‌మన్ హాకిన్స్, బెనీ కార్టర్ 1937లో ఆయనతో కలిసి వాయించారు. వయొలిన్ వాద్యకారుడు ఎడీ సౌత్, గ్రాపెల్లి, జాంగో ముగ్గురూ కలిసి బాఖ్ రాసిన జంట వయొలిన్ కృతిలోని తొలిభాగాన్ని జాజ్ బాణీలో వాయించారు. తన దేశంలో వర్ణవివక్షను ఎదుర్కొన్న నల్లజాతి వాద్యకారుడు, ఊరి బయట బండిలో పుట్టిన రోమా వాద్యకారుడు, అనాథశరణాలయంలో పెరిగిన ఇటలీ సంతతి ఫ్రెంచివాడు ఒకే రికార్డు మీద సమానులయ్యారు.

యుద్ధం విడదీసిన జంట

1939 సెప్టెంబరు ఆరంభంలో రెండో ప్రపంచ యుద్ధం ప్రకటించేనాటికి బృందం బ్రిటన్ పర్యటనలో ఉంది. జాంగో వెంటనే పారిస్‌కు తిరిగి వచ్చేశారు. గ్రాపెల్లి లండన్‌లోనే ఉండిపోయారు. ఐదేళ్లు కలిసి నడిచిన జంట ఆరేళ్లకు పైగా విడిపోయింది. లండన్‌లో గ్రాపెల్లి జార్జ్ షీరింగ్ అనే అంధ యువ పియానో వాద్యకారుడితో కలిసి కొత్త బృందం కట్టారు. షీరింగ్ ఆ తర్వాత అమెరికా వెళ్లి ప్రపంచ ఖ్యాతి పొందారు.

పారిస్‌లో జాంగో వయొలిన్ స్థానంలో క్లారినెట్ పెట్టుకున్నారు. యూబెర్ రోస్తాంగ్ అనే యువకుడు ఆ వాద్యంతో వచ్చారు. ఈసారి డ్రమ్స్ కూడా చేరాయి. 1940లో ఈ కొత్త బృందం న్యూయాజ్ అనే రచనను రికార్డు చేసింది. న్యూయాజ్ అంటే మేఘాలు. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న నగరంలో, మాటలు లేని ఆ మంద్రమైన రాగం ఇంటింటా మోగింది. నాజీ సిద్ధాంతం జాజ్‌ను భ్రష్ట సంగీతంగా నిందించింది. కానీ నాజీ సైన్యంలోని అధికారులే సాయంత్రాలు పారిస్ క్లబ్బుల్లో కూర్చుని ఆ సంగీతం వినేవారు. నిఘా కళ్లు కప్పడానికి అమెరికన్ పాటలను ఫ్రెంచి శీర్షికలు తగిలించి వాయించేవారు.

జాంగో ఆ రోజుల్లోనే అత్యంత ప్రజాదరణ పొందారు. అదే సమయంలో అత్యంత ప్రమాదంలోనూ ఉన్నారు. ఐరోపాలో రోమా ప్రజలను నాజీలు వేటాడి చంపుతున్నారు. ఆ మారణకాండలో 2 లక్షల నుంచి 5 లక్షల మంది వరకు ప్రాణాలు కోల్పోయారని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్స్‌లోనే సంచార కుటుంబాలను నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. జాంగోకు రక్షణగా నిలిచింది ఆయన కీర్తి మాత్రమే. అది ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ చెప్పలేని పరిస్థితి. 1943లో ఆయన గర్భవతి అయిన భార్యతో స్విట్జర్లాండ్ సరిహద్దు దాటేందుకు ప్రయత్నించి జర్మన్లకు పట్టుబడ్డారు. అక్కడి అధికారి జాజ్ అభిమాని కావడం వల్ల విడుదలయ్యారని చెబుతారు. మళ్లీ ప్రయత్నించినప్పుడు స్విస్ కావలివారు వెనక్కి పంపారు. చివరకు ఆయన పారిస్‌కు తిరిగి వచ్చి, యుద్ధం ముగిసేదాకా అక్కడే వాయించారు. 1944లో కుమారుడు బాబిక్ జన్మించారు. ఆయన కూడా పెద్దయ్యాక గిటార్ వాద్యకారుడయ్యారు.

హాట్ క్లబ్ నిర్వాహకుడు షార్ల్ దెలోనే కూడా ఆ రోజుల్లో రెండు జీవితాలు గడిపారు. పైకి కచేరీల ఏర్పాట్లు, లోపల ఫ్రెంచి ప్రతిఘటన ఉద్యమానికి సహాయం. 1943లో ఆయన అరెస్టై, విచారణ ఎదుర్కొని బయటపడ్డారు.

యుద్ధం ముగిశాక 1946 జనవరిలో జాంగో లండన్ వెళ్లారు. గ్రాపెల్లిని కలిశారు. ఇద్దరూ వాద్యాలు చేతబట్టుకుని మొదట వాయించింది ఫ్రాన్స్ జాతీయగీతమని చెబుతారు. నెలాఖరున దాన్ని రికార్డు కూడా చేశారు. గంభీరంగా నిలబడి పాడవలసిన గీతం వారి చేతుల్లో ఊపందుకుని నాట్యమాడింది. ఆ రికార్డులో ఆరేళ్ల ఎడబాటు జాడ కనిపించదు.

అమెరికా, ఆ తర్వాత

1946 చివరలో డ్యూక్ ఎలింగ్టన్ ఆహ్వానంపై జాంగో అమెరికా వెళ్లారు. చేతిలో గిటార్ లేకుండానే బయలుదేరారు. అక్కడి సంస్థలు తమ వాద్యాన్ని వాయించమని పోటీపడి తెచ్చిస్తాయని ఆయన నమ్మకం. అలా ఎవరూ రాలేదు. అలవాటులేని ఎలక్ట్రిక్ గిటార్‌తో పర్యటన సాగించారు. నవంబరులో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో రెండు రాత్రులు కచేరీ. తొలి రాత్రి సభ హర్షధ్వానాలతో మారుమోగింది. రెండో రాత్రి ఆయన బాగా ఆలస్యంగా చేరుకున్నారు. దారిలో ఫ్రెంచి బాక్సర్ మార్సెల్ సెర్డాన్ కలిస్తే మాటల్లో పడి కచేరీ సంగతి మరిచారు. అమెరికా పత్రికలు దాన్ని క్షమించలేదు. గ్రాపెల్లి పక్కన ఉంటే చెయ్యి పట్టుకుని వేళకు తీసుకువచ్చేవారని ఆయన మిత్రులు అనుకుని ఉండవచ్చు. 1947 ఆరంభంలో జాంగో తిరిగి వచ్చేశారు.

అప్పటికి జాజ్ మారిపోయింది. బీబాప్ అనే కొత్త బాణీ యువతను ఆకర్షించింది. జాంగో దానిని తోసిపుచ్చలేదు. శ్రద్ధగా విని, తన వాద్యంలోకి తీసుకున్నారు. 1949లో రోమ్ నగరంలో గ్రాపెల్లితో కలిసి అనేక రికార్డులు చేశారు. అవే ఆ జంట కలిసి విడిచివెళ్లిన ఆఖరి పెద్ద సంపద. 1951లో సెన్ నది ఒడ్డున ఉన్న సామోవా అనే చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. చేపలు పట్టడం, బిలియర్డ్స్ ఆడటం, బొమ్మలు గీయడం ఆయన దినచర్య అయ్యాయి. మధ్యమధ్య పారిస్ వెళ్లి, తనకంటే ఎంతో చిన్నవారైన వాద్యకారులతో కొత్త సంగీతం వాయించి వచ్చేవారు.

1953 మే 16న పారిస్‌లో కచేరీ ముగించుకుని రైలు దిగి, ఇంటికి నడిచి వస్తూ ఆయన కుప్పకూలిపోయారు. మెదడులో రక్తస్రావం జరిగింది. అది శనివారం కావడంతో వైద్యుడు అందుబాటులోకి రావడానికి చాలా జాప్యం జరిగింది. ఫోంతెన్‌బ్లో ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం పోయింది. ఆయన వయసు 43 ఏళ్లు. ఆ పల్లె శ్మశానంలోనే అంత్యక్రియలు జరిగాయి.

మిగిలినవారి దారులు

జోసెఫ్ అన్న తర్వాత మూడు దశాబ్దాలు జీవించి 1982లో కన్నుమూశారు. లూయీ వోలా 1990 వరకు ఉన్నారు. ఐదుగురిలో ఎక్కువ దూరం ప్రయాణించింది గ్రాపెల్లి. జాంగో మరణం తర్వాత చాలా ఏళ్లు ఆయన హోటళ్లలో, క్లబ్బుల్లో వాయిస్తూ గడిపారు. 1970లలో మళ్లీ గిటార్ల తోడుతో పాత బాణీని వేదికల మీదికి తెచ్చారు. అప్పుడాయన వయసు అరవై దాటింది. ప్రపంచం ఆయనను కొత్తగా కనుగొన్నట్టు ఆదరించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత శిఖరం యెహుదీ మెనూహిన్ ఆయనతో కలిసి రికార్డులు చేశారు. పండిట్ రవిశంకర్‌తో కలిసి వాయించి భారతీయ సంగీతాన్ని పాశ్చాత్య శ్రోతలకు పరిచయం చేసినవారిలో ఒకరైన మెనూహిన్, జాజ్ మనోధర్మం ముందు తాను విద్యార్థినని ఒప్పుకోవడానికి వెనుకాడలేదు.

1984లో గ్రాపెల్లి భారతీయ వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రమణ్యంతో కలిసి కన్వర్సేషన్స్ పేరిట ఒక రికార్డు వెలువరించారు. జాంగో పూర్వీకులు ఏ ఉపఖండం నుంచి నడిచి వెళ్లారో, ఆ ఉపఖండపు గమకంతో జాంగో మిత్రుడి వయొలిన్ సంభాషించింది. గ్రాపెల్లి దాదాపు చివరి వరకు వాయిస్తూనే 1997 డిసెంబరు 1న, తొంభయ్యో ఏట పారిస్‌లో కన్నుమూశారు.

జాంగో మరణించిన మరుసటి ఏడాదే అమెరికాకు చెందిన మోడర్న్ జాజ్ క్వార్టెట్ నాయకుడు జాన్ లూయిస్ ఆయన పేరుతో ఒక రచన చేశారు. అది జాజ్ వాద్యకారులందరి నోటా నానే స్మృతిగీతమైంది. ప్రమాదంలో వేళ్ల కొనలు కోల్పోయిన ఆంగ్ల రాక్ గిటార్ వాద్యకారుడు టోనీ అయోమీ, జాంగో రికార్డు విన్నాకే మళ్లీ గిటార్ పట్టుకునే ధైర్యం వచ్చిందని చెబుతూ వచ్చారు.

సామోవాలో ఆయన స్మృతిలో మొదలైన సంగీతోత్సవానికి ప్రపంచం నలుమూలల నుంచి గిటార్ వాద్యకారులు వస్తారు. వేదిక మీద కచేరీలు ముగిసినా చెట్ల కింద, బండ్ల పక్కన వాద్యాలు ఆగవు. ఇద్దరు తాళం పడతారు, ఒకరు రాగం అందుకుంటారు, కాసేపటికి స్థానాలు మారతాయి. ఈ బాణీని నేర్చుకునేవారిలో కొందరు, నాలుగు వేళ్లూ చక్కగా ఉన్నా, జాంగో పలికించిన స్వరాల వరుసను రెండే వేళ్లతో సాధన చేస్తారు. ఆ పలుకు అలా తప్ప రాదని వారి అనుభవం.